అరెస్టయినా, చలానా వచ్చినా: పౌరునికి చట్టం చూపే మార్గాలు

పోలీసులు ఒక వ్యక్తిని అదుపులోకి తీసుకున్న తరువాత తొలి 24 గంటల్లో ఆ కుటుంబం ఏం చేసింది, ఏం చేయలేదు అన్న దానిపైనే ఆ కేసు గమనం చాలావరకు ఆధారపడి ఉంటుంది. ఆ సమయంలో భయం ఎక్కువ, సమాచారం తక్కువ. మధ్యవర్తుల మాటలు నమ్మి డబ్బు పోగొట్టుకునేవారు కొందరైతే, చదవకుండానే కాగితాలపై సంతకాలు పెట్టేవారు మరికొందరు. ట్రాఫిక్ చలానా విషయంలోనూ ఇదే పరిస్థితి. కట్టాలా, కాదనవచ్చా, కట్టకపోతే ఏమవుతుంది అన్న ప్రశ్నలకు స్పష్టమైన సమాధానం తెలిసినవారు తక్కువ. 2024 జులై 1 నుంచి దేశంలో కొత్త నేర చట్టాలు అమలులోకి వచ్చాయి. 1973 నాటి నేర విచారణ స్మృతి స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, భారత శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత, సాక్ష్య చట్టం స్థానంలో భారతీయ సాక్ష్య అధినియమం వచ్చాయి. సెక్షన్ల సంఖ్యలు మారాయి. రాజ్యాంగం ఇచ్చిన మూల హక్కులు మాత్రం యథాతథంగా కొనసాగుతున్నాయి.

నోటీసు వేరు, అరెస్టు వేరు

పోలీసు స్టేషను నుంచి పిలుపు రాగానే అరెస్టు తప్పదని భావించనక్కరలేదు. ఏడేళ్ల వరకు శిక్ష పడే అవకాశమున్న నేరాల్లో అరెస్టు ఎందుకు అవసరమో పోలీసు అధికారి కారణాలు రాసి ఉంచాలి. నిందితుడు మరో నేరం చేయకుండా ఆపడం, సాక్ష్యాలు చెరిపివేయకుండా చూడడం, సాక్షులను బెదిరించకుండా నివారించడం, కోర్టుకు హాజరయ్యేలా చూడడం వంటివి ఆ కారణాలు. ఇవేవీ లేనప్పుడు నాగరిక్ సురక్షా సంహిత 35వ సెక్షను కింద హాజరు కావాలని నోటీసు ఇస్తారు. నోటీసు ప్రకారం హాజరై సహకరిస్తున్న వ్యక్తిని, ప్రత్యేక కారణాలు నమోదు చేస్తే తప్ప, అరెస్టు చేయరాదు. నోటీసును పెడచెవిన పెడితే మాత్రం అదే అరెస్టుకు కారణం కావచ్చు.

అర్నేశ్ కుమార్ కేసులో 2014 జులై 2న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఈ విషయంలో మైలురాయి. యాంత్రికంగా అరెస్టు చేసే పోలీసులతో పాటు, యాంత్రికంగా రిమాండు విధించే మేజిస్ట్రేట్లు కూడా జవాబుదారీ అని ఆ తీర్పు స్పష్టం చేసింది. ఇటువంటి నోటీసును వాట్సాప్ ద్వారా పంపితే అది చట్టబద్ధంగా అందజేసినట్లు కాదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు పేర్కొంది. మూడేళ్ల కంటే తక్కువ శిక్ష పడే నేరాల్లో, 60 ఏళ్లు దాటినవారిని గాని, అశక్తులను గాని డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి ముందస్తు అనుమతి లేకుండా అరెస్టు చేయడానికి వీలు లేదు.

సాక్షిగా విచారించదలచినప్పుడు మరొక రక్షణ ఉంది. స్త్రీలను, 15 ఏళ్లలోపు బాలురను, 60 ఏళ్లు దాటిన పురుషులను, వికలాంగులను, తీవ్ర అనారోగ్యంతో ఉన్నవారిని వారి నివాసంలోనే విచారించాలి. వారు ఇష్టపడితే తప్ప స్టేషనుకు రావాలని ఒత్తిడి చేయరాదు.

అరెస్టు సమయంలో పాటించవలసిన విధానం

అరెస్టు చేసే అధికారి పేరు స్పష్టంగా కనిపించే గుర్తింపు ధరించాలి. అరెస్టు మెమో తయారు చేయాలి. దానిపై కుటుంబ సభ్యుడో, ఆ ప్రాంతంలోని గౌరవనీయ వ్యక్తో సాక్షిగా సంతకం చేయాలి. అరెస్టయిన వ్యక్తి కూడా సంతకం చేయాలి. అరెస్టు సమయం, తేదీ అందులో ఉన్నాయో లేదో చూసుకోవడం అత్యవసరం. తరువాత 24 గంటల లెక్క తేలేది ఆ సమయం నుంచే. తన అరెస్టు సంగతి బంధువుకో, మిత్రునికో తెలియజేయాలని కోరే హక్కు ఆ వ్యక్తికి ఉంది. డి.కె.బసు కేసులో 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు జారీ చేసిన ఆదేశాలే తదనంతర కాలంలో చట్టంలో భాగమయ్యాయి.

సూర్యాస్తమయం తరువాత, సూర్యోదయానికి ముందు స్త్రీలను అరెస్టు చేయరాదు. అసాధారణ పరిస్థితుల్లో మహిళా పోలీసు అధికారి లిఖితపూర్వక నివేదిక సమర్పించి, మొదటి తరగతి జుడీషియల్ మేజిస్ట్రేటు ముందస్తు అనుమతి పొందాలి. 18 ఏళ్లలోపు బాలబాలికలను లాకప్‌లో గాని, జైలులో గాని ఉంచరాదు. వారిని 24 గంటల్లోగా బాలల న్యాయ మండలి ముందు హాజరుపరచాలి. అరెస్టయిన ప్రతి వ్యక్తికీ వైద్య పరీక్ష జరిపించాలి. ఒంటిపై గాయాలుంటే వాటిని వైద్యుడు నమోదు చేయాలి. ఆ నివేదిక ప్రతిని అరెస్టయిన వ్యక్తికి గాని, ఆయన సూచించిన వ్యక్తికి గాని ఇవ్వాలి.

రాజ్యాంగంలోని 22వ అధికరణం ప్రకారం అరెస్టుకు కారణాలు తెలియజేయడం తప్పనిసరి. ఈ హక్కుకు ఇటీవలి తీర్పులు మరింత బలం చేకూర్చాయి. కారణాలు తెలియజేయని అరెస్టు చెల్లదని విహాన్ కుమార్ కేసులో 2025 ఫిబ్రవరి 7న సుప్రీంకోర్టు ప్రకటించింది. అదే ఏడాది నవంబరు 6న మిహిర్ రాజేశ్ షా కేసులో మరో అడుగు ముందుకు వేసింది. ఏ నేరమైనా సరే, అరెస్టు కారణాలను నిందితునికి అర్థమయ్యే భాషలో రాతపూర్వకంగా ఇవ్వాలని, వెంటనే ఇవ్వడం సాధ్యం కాని సందర్భంలో ముందు నోటిమాటగా చెప్పి, రిమాండు కోసం మేజిస్ట్రేటు ముందుకు తీసుకువెళ్లడానికి కనీసం రెండు గంటల ముందైనా ఆ కాగితం అందజేయాలని ఆదేశించింది. ముంబయిలోనో, సూరత్‌లోనో పని చేసుకుంటున్న తెలుగు కూలీకి ఈ తీర్పు ఎంతో విలువైనది. తనకు రాని భాషలో ఉన్న కాగితంపై సంతకం చేయించి, కారణాలు తెలియజేశామనడం ఇక చెల్లదు.

24 గంటల గడువు, ఆ తరువాత రిమాండు

అరెస్టు చేసిన చోటు నుంచి కోర్టుకు ప్రయాణానికి పట్టే సమయం మినహాయించి, 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. ఆదివారమైనా, పండుగ సెలవైనా ఈ నియమానికి మినహాయింపు లేదు. కోర్టు లేని రోజున మేజిస్ట్రేటు నివాసానికి తీసుకువెళతారు. నిందితుడు నోరు విప్పడానికి అదే మొదటి అవకాశం. కొట్టారా, ఎప్పుడు పట్టుకున్నారు, ఇంటికి కబురు చేశారా, కారణాలు రాసి ఇచ్చారా అన్న విషయాలు అక్కడే చెప్పాలి. అప్పుడు చెప్పని మాట నెలల తరువాత చెబితే దాని బలం తగ్గుతుంది.

మేజిస్ట్రేటు నిందితుణ్ణి విడుదల చేయవచ్చు, జుడీషియల్ రిమాండుకు పంపవచ్చు, పోలీసు కస్టడీకి అప్పగించవచ్చు. పోలీసు కస్టడీ మొత్తం 15 రోజులకు మించరాదు. అయితే కొత్త చట్టం ప్రకారం ఆ 15 రోజులను ఒకేసారి గాని, విడతలుగా గాని తీసుకోవచ్చు. దర్యాప్తు గడువు 90 రోజులున్న కేసుల్లో తొలి 60 రోజుల లోపల, 60 రోజుల గడువున్న కేసుల్లో తొలి 40 రోజుల లోపల అది పూర్తికావాలి.

స్టేషనులో ఏం మాట్లాడాలి

తనకు వ్యతిరేకంగా తాను సాక్ష్యం చెప్పాలని ఏ నిందితుణ్ణీ నిర్బంధించరాదని రాజ్యాంగంలోని 20వ అధికరణం మూడవ ఖండం చెబుతోంది. పేరు, చిరునామా వంటి వివరాలు చెప్పాలి. నేరంలో ఇరికించే ప్రశ్నలకు మౌనం వహించే హక్కు ఉంది. విచారణ సమయంలో తాను ఎంచుకున్న న్యాయవాదిని కలుసుకోవచ్చు. అయితే విచారణ జరుగుతున్నంతసేపూ న్యాయవాది పక్కనే ఉండాలన్న హక్కు లేదు.

పోలీసు అధికారి ముందు చేసిన నేరాంగీకారం కోర్టులో సాక్ష్యంగా చెల్లదు. ఆ వాంగ్మూలం ఆధారంగా ఏదైనా వస్తువు బయటపడితే, ఆ మేరకు మాత్రం దానిని సాక్ష్యంగా స్వీకరిస్తారు. దర్యాప్తులో పోలీసులు నమోదు చేసే వాంగ్మూలంపై సంతకం చేయనక్కరలేదని కూడా చట్టం చెబుతోంది. తెల్లకాగితంపై సంతకం మాత్రం ఏ పరిస్థితిలోనూ పెట్టరాదు.

బెయిలు: నాలుగు దారులు

మొదటిది, బెయిలుకు వీలున్న నేరాలు. వీటిలో బెయిలు నిందితుని హక్కు. పూచీకత్తు సమర్పిస్తే స్టేషనులోనే విడుదల చేయాలి. జనవ్యవహారంలో దీనినే స్టేషను బెయిలు అంటారు. వారం రోజులైనా పూచీకత్తు సమర్పించలేని వ్యక్తిని నిరుపేదగా భావించి సొంత పూచీకత్తుపై విడిచిపెట్టాలని చట్టం నిర్దేశించింది.

రెండవది, నాన్‌బెయిలబుల్ నేరాలు. ఈ పేరు చూసి బెయిలే రాదనుకోవడం పొరపాటు. ఇక్కడ బెయిలు కోర్టు విచక్షణపై ఆధారపడి ఉంటుందని మాత్రమే దాని అర్థం. మేజిస్ట్రేటు నిరాకరిస్తే సెషన్స్ కోర్టును, తరువాత హైకోర్టును ఆశ్రయించవచ్చు. స్త్రీలు, బాలలు, రోగులు, అశక్తుల విషయంలో చట్టం కొంత వెసులుబాటు చూపింది.

మూడవది, ముందస్తు బెయిలు. నాన్‌బెయిలబుల్ కేసులో అరెస్టు జరగవచ్చునన్న సహేతుకమైన భయం ఉన్నవారు సెషన్స్ కోర్టులో గాని, హైకోర్టులో గాని దరఖాస్తు చేసుకోవచ్చు. షెడ్యూల్డు కులాలు, తెగలపై అత్యాచారాల నిరోధక చట్టం కింద నమోదైన కేసుల్లోను, మైనర్లపై అత్యాచారం వంటి కొన్ని తీవ్ర నేరాల్లోను ఈ అవకాశంపై నిషేధం ఉంది.

నాలుగవది, గడువు తీరిన బెయిలు. మరణశిక్ష, యావజ్జీవం, పదేళ్లు లేదా అంతకు మించిన శిక్ష పడే నేరాల్లో 90 రోజుల్లోగా, మిగిలిన నేరాల్లో 60 రోజుల్లోగా పోలీసులు చార్జిషీటు దాఖలు చేయకపోతే బెయిలు హక్కుగా సంక్రమిస్తుంది. అయితే ఈ హక్కు దానంతట అది అమలు కాదు. గడువు ముగిసిన వెంటనే, చార్జిషీటు దాఖలయ్యేలోపు దరఖాస్తు చేయాలి. ఒక్కరోజు ఆలస్యం చేసినా చేజారే హక్కు ఇది. మాదకద్రవ్యాల చట్టం, ఉపా వంటి ప్రత్యేక చట్టాల్లో ఈ గడువు మరింత ఎక్కువగా ఉండవచ్చు.

విచారణ ఏళ్ల తరబడి సాగుతుంటే మరో వెసులుబాటు ఉంది. ఆ నేరానికి పడగల గరిష్ఠ శిక్షలో సగం కాలం జైలులో గడిపిన విచారణ ఖైదీని బెయిలుపై విడుదల చేయాలి. మునుపు ఏ కేసులోనూ శిక్ష పడనివారికి మూడవ వంతు కాలం సరిపోతుంది. మరణశిక్ష, యావజ్జీవ శిక్ష పడే నేరాలకు ఇది వర్తించదు. ఒకటికి మించిన కేసులు పెండింగులో ఉన్నప్పుడూ వర్తించదు.

పూచీకత్తు దొరకకపోతే

బెయిలు ఉత్తర్వు వచ్చినా జామీనుదారు దొరక్క జైలులోనే మిగిలిపోయే పేదలు ఉన్నారు. మధ్యప్రదేశ్‌కు చెందిన మోతీరామ్ అనే తాపీమేస్త్రి కేసులో 1978లో జస్టిస్ వి.ఆర్.కృష్ణయ్యర్ ఇచ్చిన తీర్పు ఈ సమస్యకు నేరుగా సమాధానం చెప్పింది. బెయిలు మంజూరైనా ఆ మేస్త్రిని 10,000 రూపాయల పూచీకత్తు అడిగారు. సోదరుని పూచీకత్తును, అతను వేరే జిల్లావాడన్న కారణంతో తిరస్కరించారు. 1,000 రూపాయల సొంత పూచీకత్తుపై విడుదల చేయాలని సుప్రీంకోర్టు ఆదేశించింది. పొరుగు రాష్ట్రంలో కేసులో చిక్కుకున్న ఆంధ్రుడో, మలయాళీయో స్థానిక పూచీకత్తు ఎక్కడి నుంచి తేగలడని ఆ తీర్పు సూటిగా ప్రశ్నించింది. వలస వెళ్లిన కుటుంబాల న్యాయవాదులు నేటికీ ఈ తీర్పును ఉటంకిస్తూ సొంత ఊరి పూచీకత్తును ఆమోదించాలని కోరవచ్చు. బెయిలు షరతులు భారమైతే వాటిని సడలించాలని అదే కోర్టులో దరఖాస్తు చేయవచ్చు. పేద ఖైదీలకు ఆర్థిక సాయం అందించేందుకు 2023లో ప్రారంభమైన కేంద్ర పథకం కింద కూడా జిల్లా స్థాయిలో సహాయం కోరవచ్చు.

ఉచిత న్యాయ సహాయం: 15100

న్యాయవాదిని పెట్టుకునే స్తోమత లేకపోవడం అడ్డంకి కారాదని 39ఎ అధికరణం నిర్దేశిస్తోంది. న్యాయ సేవాధికార సంస్థల చట్టం, 1987 ప్రకారం కస్టడీలో ఉన్న వ్యక్తికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయవాది లభిస్తారు. స్త్రీలు, బాలలు, షెడ్యూల్డు కులాలు, తెగలవారు, వికలాంగులు, కార్మికులు కూడా ఆదాయ పరిమితి లేకుండానే అర్హులు. జిల్లా కోర్టుల ప్రాంగణంలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ, తాలూకా స్థాయిలో మండల న్యాయ సేవా కమిటీ పని చేస్తున్నాయి. జాతీయ న్యాయ సేవాధికార సంస్థ సహాయ సంఖ్య 15100. మేజిస్ట్రేటు ముందు తొలిసారి హాజరుపరచిన నాటి నుంచే ఈ హక్కు వర్తిస్తుందని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

కేసు ముందుకు సాగితే

చార్జిషీటు, సాక్షుల వాంగ్మూలాల ప్రతులను నిందితునికి ఉచితంగా ఇవ్వాలి. ఆరోపణలకు ఆధారం లేదనిపిస్తే డిశ్చార్జి కోరవచ్చు. కేసు మొత్తాన్నీ కొట్టివేయాలని హైకోర్టును కోరవచ్చు. చట్టం అనుమతించిన నేరాల్లో ఇరుపక్షాలూ రాజీ పడవచ్చు. ఏడేళ్ల వరకు శిక్ష పడే నేరాల్లో, స్త్రీలపై, పిల్లలపై జరిగిన నేరాలు, దేశ సామాజిక, ఆర్థిక స్థితిని ప్రభావితం చేసే నేరాలు మినహా, నేరాన్ని అంగీకరించి తక్కువ శిక్ష కోరే విధానమూ ఉంది. నేరాన్ని ఒప్పుకుంటే ఉద్యోగంపై, పాస్‌పోర్టుపై పడే ప్రభావం ఏమిటో న్యాయవాదిని అడిగి తెలుసుకున్న తరువాతనే ఈ మార్గం ఎంచుకోవాలి.

ట్రాఫిక్ చలానా వచ్చినప్పుడు

మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణతో జరిమానాలు పెరిగాయి. కేంద్ర చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా వాహనం నడిపితే 5,000 రూపాయలు, సీటు బెల్టు పెట్టుకోకపోతే 1,000 రూపాయలు జరిమానా. హెల్మెట్ ధరించకపోతే 1,000 రూపాయల జరిమానాతో పాటు మూడు నెలల పాటు లైసెన్సుకు అనర్హత. బీమా లేకుండా నడిపితే మొదటిసారి 2,000 రూపాయల జరిమానా, మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ. అయితే కోర్టుకు వెళ్లకుండా అక్కడికక్కడే చెల్లించే రాజీ రుసుమును నిర్ణయించే అధికారం రాష్ట్ర ప్రభుత్వాలది. అందువల్లనే ఒకే తప్పుకు ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో, కర్ణాటకలో వేర్వేరు మొత్తాలు కనిపిస్తాయి.

చలానా అందినవారికి ప్రధానంగా రెండు మార్గాలున్నాయి. తప్పు జరిగిందనుకుంటే రుసుము చెల్లిస్తే ఆ కేసు అంతటితో ముగుస్తుంది. తప్పు జరగలేదనుకుంటే సవాలు చేయవచ్చు. వర్చువల్ కోర్టుకు వెళ్లిన చలానాలో సైతం అభ్యంతరం తెలిపే అవకాశం ఉంటుంది. అప్పుడు కేసు సాధారణ కోర్టుకు బదిలీ అవుతుంది. రాజీకి వీలున్న పాత చలానాలను లోక్ అదాలత్‌లోనూ పరిష్కరించుకోవచ్చు. లోక్ అదాలత్ తీర్పుపై అప్పీలు ఉండదు. చలానాను పట్టించుకోకుండా వదిలేస్తే సమన్లు రావచ్చు.

కెమెరా ఆధారంగా వేసిన చలానా విషయంలో 2021 ఆగస్టులో వచ్చిన నిబంధనలు తెలుసుకోవడం మంచిది. ఉల్లంఘన జరిగిన 15 రోజుల్లోగా నోటీసు పంపాలి. నంబరు ప్లేటు కనిపించే చిత్రం, తేదీ, సమయం, స్థలం అందులో ఉండాలి. ఆ చిత్రాన్ని ముందు పరిశీలించాలి. బండి రంగు, నమూనా మనది కాకపోతే ఎవరో మన నంబరు వాడుకుంటున్నారని అర్థం. వెంటనే ట్రాఫిక్ పోలీసులకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి రసీదు తీసుకోవాలి. అమ్మేసిన బండిపై చలానాలు వస్తుంటే రిజిస్ట్రేషన్ ఇంకా పాత యజమాని పేరు మీదే ఉందన్న మాట. ఒకే రాష్ట్రంలో అమ్మితే 14 రోజుల్లోగా, వేరే రాష్ట్రానికి అమ్మితే 45 రోజుల్లోగా రవాణా శాఖకు తెలియజేయడం అమ్మినవారి బాధ్యత.

డిజిలాకర్, ఎంపరివాహన్ యాప్‌లలోని లైసెన్సు, ఆర్‌సీ పత్రాలు చెల్లుతాయి. పోలీసులు లైసెన్సును స్వాధీనం చేసుకుంటే రసీదు ఇవ్వాలి. అది తిరిగి ఇచ్చేవరకు ఆ రసీదే బండి నడపడానికి అనుమతి.

మద్యం తాగి నడిపిన కేసులు వేరు. వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాల్ ఉంటే మొదటిసారి ఆరు నెలల వరకు జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. మళ్లీ పట్టుబడితే రెండేళ్ల వరకు జైలు, లేదా 15,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. రుసుము కట్టి ముగించే వీలు ఇందులో లేదు. మేజిస్ట్రేటు ముందుకు వెళ్లాల్సిందే. ఈ నేరంపై అరెస్టయిన వ్యక్తికి రెండు గంటల్లోగా వైద్య పరీక్ష జరపకపోతే విడుదల చేయాలని చట్టం చెబుతోంది.

ప్రమాదం జరిగినప్పుడు గాయపడినవారికి వైద్యం అందేలా చూడడం, 24 గంటల్లోగా పోలీసులకు సమాచారమివ్వడం డ్రైవరు విధి. జనం దాడి చేస్తారన్న భయం ఉంటే సమీపంలోని స్టేషనుకు వెళ్లి విషయం చెప్పడమే సురక్షితమైన దారి.

ఫోనులో అరెస్టు ఉండదు

పోలీసులమనో, సీబీఐ అధికారులమనో చెప్పి వీడియో కాల్‌లో గంటల తరబడి నిర్బంధించి డబ్బు గుంజే మోసాలు పెరిగాయి. డిజిటల్ అరెస్టు అన్నది ఏ చట్టంలోనూ లేదు. ఫోను ద్వారా బెయిలు సొమ్ము వసూలు చేసే కోర్టూ లేదు. చలానా పేరిట వాట్సాప్‌లో వచ్చే యాప్ ఫైలును తెరిస్తే బ్యాంకు ఖాతా ఖాళీ కావచ్చు. చలానా వివరాలను అధికారిక ప్రభుత్వ వెబ్‌సైటులో వాహన నంబరుతో స్వయంగా చూసుకోవాలి. మోసపోతే వెంటనే 1930కు ఫోను చేయాలి. ఎంత త్వరగా ఫిర్యాదు చేస్తే డబ్బు ఆపగల అవకాశం అంత ఎక్కువ.

హక్కులకు భంగం కలిగితే

24 గంటలు దాటినా కోర్టుకు తీసుకురాకపోయినా, ఎక్కడ ఉంచారో చెప్పకపోయినా కుటుంబ సభ్యులు హైకోర్టులో హెబియస్ కార్పస్ పిటిషను వేయవచ్చు. జిల్లా ఎస్పీకి లేదా పోలీసు కమిషనరుకు, రాష్ట్ర మానవ హక్కుల కమిషనుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయవచ్చు. అక్రమ నిర్బంధానికి, కస్టడీ మరణానికి నష్టపరిహారం చెల్లించాలని సుప్రీంకోర్టు 1983 నుంచి అనేక కేసుల్లో ఆదేశించింది.

కుటుంబ సభ్యులు ఆ తొలి గంటల్లో కొన్ని వివరాలు కాగితంపై రాసుకుంటే చాలు, న్యాయవాది పని సగం తేలికవుతుంది. ఎప్పుడు, ఎక్కడి నుంచి తీసుకువెళ్లారు, ఏ స్టేషను, వచ్చిన అధికారి పేరు, ఎఫ్ఐఆర్ నంబరు, సెక్షన్లు, ఏ కోర్టులో హాజరుపరుస్తారు అన్నవే ఆ వివరాలు. సున్నితమైన కేసులు మినహా ఎఫ్ఐఆర్‌ను 24 గంటల్లోగా పోలీసు వెబ్‌సైటులో ఉంచాలని 2016లో సుప్రీంకోర్టు ఆదేశించింది. కనుక దాని ప్రతి పొందడానికి ఎవరికీ డబ్బు ఇవ్వనక్కరలేదు. ప్రతి కేసూ దాని వాస్తవాలను బట్టి మారుతుంది. అందుచేత తుది నిర్ణయానికి ముందు న్యాయవాదినో, జిల్లా న్యాయ సేవాధికార సంస్థనో సంప్రదించడం శ్రేయస్కరం.